చీర రంగు చీర రంగులాగే: కెమెరాకు సొంత కలర్ ప్రొఫైల్ తయారుచేసుకునే విధానం

వాపసు వచ్చిన పార్సిల్‌ను నా బల్లమీద విప్పి, కోఠిలో చీరల దుకాణం నడిపే ఒక పరిచయస్థుడు అడిగిన ప్రశ్న ఇది: “అన్నా, ఫోటోల నీలం కనవడ్తుంది, చీర జూస్తె వంగపండు. నేనేం జెయ్యాలె?” అదే ప్రశ్నను పోచంపల్లి ఇక్కత్ అమ్మేవారు, గద్వాల చీరలు అమ్మేవారు, పెళ్ళి ఫోటోలు తీసేవారు తమ తమ మాటల్లో నన్ను ఎన్నోసార్లు అడిగారు. ప్రతిసారీ స్లయిడర్లు జరుపుతూ కూర్చోకుండా, మీ కెమెరాకూ మీ కాంతికీ సరిపడే కలర్ ప్రొఫైల్ ఒకటి తయారుచేసుకోవడమే దీనికి సరైన మందు.

ఒక్క విషయం ముందే చెబుతాను. ఈ పనిలో సాఫ్ట్‌వేర్ వాటా పది నిమిషాలు మాత్రమే. మంచి ప్రొఫైల్‌కూ చెడ్డ ప్రొఫైల్‌కూ తేడా, తెలిసిన రంగుల గళ్ళున్న చార్టును ఫోటో తీసేటప్పుడు దానిమీద పడిన కాంతిలోనే తేలిపోతుంది. అందుకే కింది మెట్లలో కాంతి గురించి ఎక్కువ, మౌస్ క్లిక్కుల గురించి తక్కువ రాశాను.

1. ప్రొఫైల్ చేసే పని, చేయలేని పని

కెమెరా సెన్సర్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతల గుండా కాంతిని కొలుస్తుంది. ఆ వడపోతలు మన కంటిలోని శంకు కణాలతో పూర్తిగా సరిపోలవు కనుక, కంటికి వేరువేరుగా కనిపించే రెండు రంగులు సెన్సర్‌కు దగ్గరగానూ, కంటికి ఒకటిగా కనిపించేవి సెన్సర్‌కు వేరుగానూ తోచవచ్చు. వంగపండు రంగు నీలం వైపు జారడానికి చాలావరకు కారణం ఇదే. సెన్సర్ చెప్పిన అంకెలను కంటికి కనిపించే రంగుల్లోకి మార్చే పట్టికనే ప్రొఫైల్ అంటాము.

ప్రొఫైల్ రా ఫైళ్ళకే, అంటే సెన్సర్ కొలతలు ఉన్నవి ఉన్నట్టుగా ఉండే ఫైళ్ళకే, వర్తిస్తుంది. కెమెరా అప్పటికే రంగులు వండి వడ్డించిన జేపెగ్‌కు అది పనికిరాదు. వైట్ బ్యాలెన్స్‌ను (తెలుపు తెలుపుగా కనిపించేలా చేసే సర్దుబాటు), ఎక్స్‌పోజర్‌ను (ఫోటోకు అందే వెలుతురు మోతాదు) కూడా అది సరిచేయదు. ఆ రెండూ ప్రతి షూట్‌లో మీరు విడిగా చూసుకోవలసిందే. ఒకవైపు కిటికీ వెలుతురు, మరోవైపు ట్యూబ్‌లైటు పడుతున్న చీరను ఏ ప్రొఫైలూ బాగుచేయలేదు.

ఏ రకం ప్రొఫైల్ కావాలో మీరు వాడే సాఫ్ట్‌వేర్‌ను బట్టి ఉంటుంది. అడోబీ వారి లైట్‌రూమ్, కెమెరా రా వాడేవారికి డీసీపీ అనే రకం ప్రొఫైల్ కావాలి. క్యాప్చర్ వన్ వాడేవారికి ఐసీసీ అనే రకం కావాలి. ఉచితంగా దొరికే రాథెరపీ రెండింటినీ చదువుతుంది. డార్క్‌టేబుల్‌లో చార్టుతో దిద్దే సదుపాయం కలర్ కాలిబ్రేషన్ అనే మాడ్యూల్ లోపలే ఉంది. ఎక్కువమంది లైట్‌రూమ్ వాడుతున్నారు కనుక డీసీపీ దారినే వివరంగా రాస్తున్నాను.

2. సిద్ధం చేసుకోవలసినవి

- 24 గళ్ళ కలర్‌చెకర్ క్లాసిక్ చార్టు, లేదా అదే అమరిక గల చిన్న పాస్‌పోర్ట్ చార్టు
- రా ఫైలు ఇచ్చే కెమెరా, మీరు రోజూ వాడే లెన్స్
- ట్రైపాడ్, రిమోట్ లేదా రెండు సెకన్ల టైమర్
- ఒకే రకం, ఒకే మోడల్ దీపాలు రెండు. లేదా ఆరుబయట ఎండ
- మెరుపులేని బూడిద లేదా నలుపు గుడ్డ, చార్టు కింద పరచడానికి
- చార్టు కంటే పెద్దదైన, ముడతల్లేని తెల్ల డ్రాయింగ్ షీటు
- అడోబీ డీఎన్‌జీ కన్వర్టర్ (రా ఫైలును అడోబీ రా రూపమైన డీఎన్‌జీలోకి మార్చేది), ప్రొఫైల్ తయారుచేసే సాఫ్ట్‌వేర్

చార్టు విషయంలో పొదుపు చేయకండి. రంగుల ప్రింటర్‌లో అచ్చువేసుకున్న చార్టు ఎంత చక్కగా కనిపించినా పనికిరాదు, ఎందుకంటే అసలు చార్టులోని ప్రతి గడీ కొలిచి ఖాయం చేసిన రంగుపూత, సాఫ్ట్‌వేర్ దగ్గరున్న విలువలు ఆ పూతవే. కింది వరుసలోని బూడిద గళ్ళను వేలితో తాకకండి, చమట మరక కంటికి కనిపించకముందే కొలతలో కనిపిస్తుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు చార్టు వెనక అచ్చయిన తయారీ తేదీ చూడాలి. 2014 నవంబరులో ఈ చార్టు రంగుపూతల సూత్రం మారింది. అంతకు ముందరి చార్టుకు కొత్త విలువలు వాడితే కొన్ని గళ్ళలో తేడా వస్తుంది. రంగులు వెలిసే వస్తువు కనుక పదేళ్ళ నాటి చార్టును ఎంత చవకగా ఇచ్చినా నేనైతే కొనను.

140 గళ్ళ ఎస్‌జీ చార్టు ఇంకా మేలు కదా అని అడుగుతారు. దాని ఉపరితలానికి కొంచెం మెరుపు ఉంటుంది. ఆ మెరుపును అదుపు చేయడానికి నల్లటి గోడలు, కొలిచి పెట్టిన దీపాలు కావాలి. ఇంట్లో ఒక గదిని స్టూడియోగా మార్చుకున్నవారికి 24 గళ్ళ మ్యాట్ చార్టే నమ్మకమైనది.

3. కెమెరా అమరిక

ఇక్కడ ఆలోచించవలసింది తక్కువ.

- ఫైలు రకం: రా
- ఐఎస్ఓ: కెమెరా కనిష్ఠ విలువ, సాధారణంగా 100 లేదా 200
- అపెర్చర్: ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8
- ఎక్స్‌పోజర్: మాన్యువల్
- వైట్ బ్యాలెన్స్: ఏదో ఒక స్థిరమైన విలువ, ఆటో వద్దు
- లెన్స్ ముందున్న పోలరైజర్, ఎన్‌డీ, యూవీ ఫిల్టర్లు తీసివేయాలి
- పిక్చర్ స్టయిల్, డైనమిక్ రేంజ్ పెంచే సదుపాయాలు ఆపివేయాలి

చివరిదానికి కారణం ఉంది. అలాంటి సదుపాయాలు కొన్ని కెమెరాల్లో మీకు తెలియకుండానే ఎక్స్‌పోజర్‌ను తగ్గించి రా ఫైలును కూడా మార్చేస్తాయి.

4. కాంతి: తొందరపడకూడని మెట్టు

*స్టూడియోలో.* చార్టును బల్లమీద పరచి, కెమెరాను నిటారుగా పైనుంచి పెట్టండి. రెండు దీపాలను చార్టుకు అటూ ఇటూ, 45 డిగ్రీల వాలులో, సమాన దూరంలో, సమాన బలంతో అమర్చండి. దీపాలు ఎంత దూరంగా ఉంటే వెలుతురు అంత సమంగా పడుతుంది. లెక్క సులువే: దీపం నుంచి చార్టు దగ్గరి అంచు 1 మీటరు, దూరపు అంచు 1.1 మీటరు ఉంటే ఆ పది సెంటీమీటర్లలోనే కాంతి సుమారు 17 శాతం పడిపోతుంది. అదే దీపాన్ని 2 మీటర్లకు జరిపితే ఆ తేడా 9 శాతానికి దిగుతుంది. ఎదురుగా రెండో దీపం ఉంటే మిగిలిన తేడా కూడా చాలావరకు సర్దుకుంటుంది.

ఫ్లాష్ వాడితే మాన్యువల్ పవర్‌లో పెట్టి, ప్రతి షాట్ తరువాత అది పూర్తిగా చార్జ్ అయ్యేవరకు ఆగండి. చవక ఫ్లాష్‌లలో పవర్ మారితే రంగు ఉష్ణోగ్రత (కాంతి ఎంత పసుపుగా, ఎంత నీలంగా ఉందో కెల్విన్లలో చెప్పే కొలత) కూడా మారుతుంది కనుక, చీరలకు వాడే పవర్‌లోనే చార్టు ఫోటో కూడా తీయాలి.

ఎల్‌ఈడీ వాడేవారు పెట్టె మీద సీఆర్ఐ (దీపం రంగులను ఎంత సరిగా చూపుతుందో చెప్పే అంకె) 95 అని ఉండగానే తృప్తిపడకూడదు. ఆ సగటు అంకె లెక్కలో గాఢమైన ఎరుపును సూచించే ఆర్9 విలువ చేరదు. మెరూన్, కుంకుమ, రాణీ రంగు చీరలు తీసేవారికి అసలు కావలసింది ఆర్9, అది 90కి దగ్గరగా ఉండాలి. ట్రూప్ బజార్‌లో దొరికే మామూలు ఇంటి ట్యూబ్‌లైట్లు గదిలో వెలుగు కోసం చేసినవే గానీ రంగు చూపడానికి చేసినవి కావు. వాటి కింద ప్రొఫైల్ చేస్తే అది ఆ ట్యూబ్ కింద మాత్రమే చెల్లే నాణెం.

మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కనుక దానితో వెలిగే చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. షట్టర్‌ను 1/100, 1/50 లేదా 1/25 సెకను దగ్గర ఉంచితే చారలు పడవు. 1/320 పెట్టి, చార్టులో ఒక వరుస మసకగా ఎందుకు వచ్చిందా అని తల పట్టుకున్నవారిని చూశాను.

*ఆరుబయట.* హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది కనుక మే రెండో వారంలోనూ, ఆగస్టు మొదటి వారంలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. బల్లపరుపుగా ఉంచిన చార్టును ఆ వేళ పైనుంచి తీస్తే మీ కెమెరా నీడే దానిమీద పడుతుంది, నీడ తప్పించుకుంటే గళ్ళమీద మెరుపు పడుతుంది. మే నెలలో ఉదయం 9 గంటల ప్రాంతంలో సూర్యుడు దాదాపు 45 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, చార్టుకు అది సరైన సమయం. డిసెంబరు చివరిలో ఈ తిప్పలు లేవు. నడి మధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీలు దాటి ఎక్కడు కనుక పదకొండు నుంచి ఒంటిగంట దాకా నిశ్చింతగా పని చేసుకోవచ్చు. మబ్బులు వచ్చిపోతూ ఉండే వానాకాలపు రోజును వదిలేయండి.

మేడమీద చార్టు పెట్టేటప్పుడు చుట్టూ ఏముందో ఒకసారి తిరిగి చూడండి. నేను మొదటిసారి చేసిన ప్రొఫైల్ ఈ చూడకపోవడం వల్లే చెడింది. మొక్కలకు ఎండ తగలకుండా మా మేడమీద ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టి ఉంది. దాని అంచున, నీడ పడుతున్నట్టు కూడా అనిపించని చోట, చార్టు పెట్టాను. వైట్ బ్యాలెన్స్ సరిచేశాక బూడిద గళ్ళు బూడిదగానే ఉన్నాయి, సాఫ్ట్‌వేర్ కూడా పేచీ పెట్టలేదు. అయితే వలగుండా వచ్చిన కాంతిలో ఎరుపు తగ్గింది, ఆ లోటును పూడ్చడానికి ప్రొఫైల్ ఎరుపులను ఎగదోసింది. మరునాడు స్టూడియోలో ఒక గద్వాల చీర తీస్తే దాని మెరూన్ అంచు ఎండుమిరపకాయ కాస్తా పండుమిరపకాయ అయినట్టు మండిపోయింది. తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది.

కాంతి పరీక్షకు చెక్‌లిస్టు:

- గదిలోని ఇతర దీపాలు ఆర్పివేశారా, కిటికీ మూశారా?
- రెండు మీటర్ల లోపల రంగు గోడ, నీలి టార్పాలిన్, షేడ్ నెట్, రంగు బకెట్లు లేవు కదా?
- మీరు వేసుకున్న చొక్కా నలుపో బూడిదో అయి ఉందా?
- లెన్స్ చోట కన్ను పెట్టి చూస్తే నల్ల గడిమీద మెరుపు కనిపించడం లేదు కదా?
- తెల్ల షీటు ఫోటోలో నాలుగు మూలలకూ మధ్యకూ తేడా 3 శాతం లోపలే ఉందా?

చివరి పరీక్షను ఇలా చేయాలి. చార్టు పెట్టబోయే చోట డ్రాయింగ్ షీటు పరచి, తెలుపు మాడిపోకుండా ఒక ఫోటో తీసి, లైట్‌రూమ్‌లో మౌస్‌ను ఐదు చోట్ల ఉంచి హిస్టోగ్రాం (వెలుగునీడల పంపకాన్ని చూపే గ్రాఫు) కింద వచ్చే శాతాలు చదవండి. ఒక మూల 71, ఎదురు మూల 64 వస్తే దీపాలు జరపాలి. ఈ ఒక్క ఫోటో తీయడానికి బద్ధకించి చేసిన ప్రొఫైళ్ళే నా దగ్గరికి మరమ్మతుకు ఎక్కువగా వస్తుంటాయి.

5. చార్టు ఫోటో తీసే వరుస

1. దీపాలు వేసి పది పదిహేను నిమిషాలు ఆగండి. ఎల్‌ఈడీలు, సీఎఫ్ఎల్‌లు వేడెక్కాక గానీ నిలకడకు రావు.
2. బూడిద గుడ్డమీద చార్టును ఫ్రేము మధ్యలో, అడ్డంగా మూడో వంతు ఆక్రమించేలా ఉంచండి. అంచుల దగ్గర లెన్స్ వెలుతురు తగ్గిస్తుంది కనుక ఫ్రేము నిండా నింపవద్దు.
3. గోధుమరంగు గడి ఎడమ పైమూలలోనూ, తెల్ల గడి ఎడమ కిందిమూలలోనూ ఉండేలా సరిచూడండి.
4. ఫోకస్ సరిచేసి మాన్యువల్‌కు మార్చండి. అతిపదును అవసరం లేదు, గళ్ళ సరిహద్దులు స్పష్టంగా ఉంటే చాలు.
5. కెమెరాలోని వెలుతురు మీటరు చెప్పిన చోట మొదలుపెట్టి, అటు రెండు, ఇటు రెండు, మూడో వంతు స్టాపు (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపో సగమో కావడం) తేడాతో మొత్తం ఐదు ఫోటోలు తీయండి. దీపాల దగ్గర షట్టర్ మార్చితే మిణుకు సమస్య తిరిగి వస్తుంది కనుక అపెర్చర్ మార్చడం మేలు.
6. చార్టు పక్కనే మీకు బాగా తెలిసిన మూడు నాలుగు చీరల కొంగులు పెట్టి మరో ఫోటో తీయండి. 9వ మెట్టులో ఇదే సాక్ష్యం.

ఐదు ఫోటోలు ఎందుకంటే, కెమెరా వెనక కనిపించే హిస్టోగ్రాం రా ఫైలుది కాదు, కెమెరా తనలో తాను చేసుకున్న జేపెగ్‌ది. దాన్ని నమ్మి ఒకే ఫోటోతో ఇంటికి వెళ్తే మళ్ళీ దీపాలు ఎత్తవలసి రావచ్చు.

6. ఫైలును ఎంచుకోవడం

ఐదింటిలో తెల్ల గడి బాగా వెలుగుతూనే మూడు రంగుల చానెళ్ళలోనూ నిండిపోకుండా, అంటే గరిష్ఠ విలువను తాకకుండా, ఉన్నదాన్ని తీసుకోవాలి. లైట్‌రూమ్‌లో స్లయిడర్లన్నీ సున్నా దగ్గర ఉంచి చూస్తే తెల్ల గడి 90 నుంచి 95 శాతం మధ్య చదవాలి. ఎరుపు, ఆకుపచ్చ, నీలంలో ఏ ఒక్కటి 98 దాటినా ఆ ఫైలు వదిలేసి ఒక మెట్టు తక్కువదానికి వెళ్ళండి. రాడిగర్ వంటి రా ఫైలును నేరుగా చూపే సాఫ్ట్‌వేర్ ఉంటే ఈ ఊహాగానం అవసరమే ఉండదు.

తరువాత వైట్ బ్యాలెన్స్ పరికరంతో తెలుపు పక్కనున్న రెండో గడిమీద, అంటే లేత బూడిదమీద, నొక్కండి. తెల్ల గడి ఒక చానెల్‌లో నిండిపోయే ప్రమాదం ఉంది కనుక దానిమీద నొక్కకూడదు. డిటర్జెంటుతో ఉతికిన తెల్ల పంచె, ప్రింటర్ కాగితం కూడా వద్దు. వాటిలోని మెరుపు రసాయనాలు కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని నీలంగా తిప్పి పంపుతాయి, దాన్ని సరిచేయబోయి సాఫ్ట్‌వేర్ ఫోటో మొత్తాన్ని పసుపుకు లాగుతుంది.

7. ప్రొఫైల్ తయారీ

ఎంచుకున్న రా ఫైలును అడోబీ డీఎన్‌జీ కన్వర్టర్‌తో డీఎన్‌జీగా మార్చండి. ఆపై రెండు దారులున్నాయి.

మొదటిది చార్టు తయారీదారులు ఇచ్చే కెమెరా కాలిబ్రేషన్ సాఫ్ట్‌వేర్. డీఎన్‌జీని దాని కిటికీలోకి లాగి వదిలితే అది గళ్ళను తనంతట తానే గుర్తిస్తుంది. ప్రతి గడి మధ్యలో చతురస్రం సరిగ్గా కూర్చుందో లేదో మీరు చూసి, పేరు పెట్టి, ప్రొఫైల్ సృష్టించమని చెప్పడమే.

రెండోది అడోబీ ఉచితంగా ఇచ్చిన డీఎన్‌జీ ప్రొఫైల్ ఎడిటర్. పాత పనిముట్టు కావడంతో కొత్త మ్యాక్ కంప్యూటర్లలో ఇబ్బంది పెడుతుంది, విండోస్‌లో నాకు ఇప్పటికీ నడుస్తోంది. అందులో డీఎన్‌జీని తెరిచి చార్ట్ అనే ట్యాబ్‌కు వెళ్తే నాలుగు రంగుల వలయాలు కనిపిస్తాయి. గోధుమ వలయాన్ని గోధుమ గడిమీద, నీలిపచ్చ వలయాన్ని నీలిపచ్చ గడిమీద, నల్లదాన్ని నలుపుమీద, తెల్లదాన్ని తెలుపుమీద పెట్టి కలర్ టేబుల్ సృష్టించమని బటన్ నొక్కాలి. ఆ తరువాత ప్రొఫైల్‌ను ఎగుమతి చేయాలి.

*ఒకే కాంతికా, రెండు కాంతులకా?* డీసీపీలో రెండు పట్టికలు ఉండవచ్చు: ఒకటి బల్బు కాంతికి, సుమారు 2850 కెల్విన్‌ది, మరొకటి పగటి వెలుతురుకు, 6500 కెల్విన్‌ది. మధ్యలో పడే కాంతులకు సాఫ్ట్‌వేర్ రెండింటినీ కలిపి లెక్కకడుతుంది. ఒకే స్టూడియోలో ఒకే దీపాల కింద చీరలు తీసేవారికి ఒక కాంతి ప్రొఫైల్ చాలు, నా ఉద్దేశంలో అదే మేలు కూడా. పెళ్ళిళ్ళు తీసేవారు రెండు కాంతులది చేసుకోవాలి. బల్బు వైపు ఫోటోకు ఫిలమెంట్ బల్బో హాలోజెనో వాడాలి. వార్మ్ ఎల్‌ఈడీ పసుపుగా కనిపించినా దాని వర్ణపటం వేరు. ఫంక్షన్ హాలు గోడలమీద ఊదా, గులాబీ రంగుల ఎల్‌ఈడీ కాంతి పారించే చోట మాత్రం ఏ ప్రొఫైలూ చర్మపు రంగును కాపాడలేదని ముందే ఒప్పుకోవడం మంచిది.

క్యాప్చర్ వన్ వాడేవారు రంగు సవరణలేవీ లేని స్థితిలో 16 బిట్ల టిఫ్ ఎగుమతి చేసి, దానినుంచి ఐసీసీ తయారుచేయాలి. ప్రొఫైల్ చేసినప్పుడు ఏ కర్వ్ (వెలుగునీడల తీరును నిర్ణయించే గీత) ఎంచుకున్నారో ఆ తరువాత కూడా అదే కర్వ్ వాడాలి. కమాండ్ లైనుకు జంకనివారికి డీక్యామ్‌ప్రాఫ్ అనే ఉచిత పనిముట్టు వీటన్నిటికంటే ఎక్కువ అదుపునిస్తుంది, నేర్చుకోవడానికి మాత్రం ఒక ఆదివారం మొత్తం ఇవ్వాలి.

పేరు పెట్టేటప్పుడు “కొత్తది”, “ఫైనల్ 2” అని పెట్టకండి. కెమెరా మోడల్, కాంతి, తేదీ మూడూ పేరులో ఉండాలి.

8. లైట్‌రూమ్‌లో అమర్చడం

ఫైల్ మెనూలో ప్రొఫైళ్ళనూ ప్రీసెట్లనూ దిగుమతి చేసే వరుస ఉంటుంది. అక్కడ డీసీపీని ఎంచుకోండి. లైట్‌రూమ్‌ను ఒకసారి మూసి తెరిచి, డెవలప్‌లో బేసిక్ ప్యానెల్ పైభాగాన ఉన్న ప్రొఫైల్ బ్రౌజర్‌లో మీ పేరు వెతకండి. కనిపించకపోతే మూడు కారణాల్లో ఒకటై ఉంటుంది: తెరిచిన ఫోటో జేపెగ్, లేదా అది వేరే మోడల్ కెమెరాతో తీసినది, లేదా లైట్‌రూమ్‌ను మూసి తెరవలేదు.

ఆ కెమెరాతో తీసిన ప్రతి ఫోటోకూ అదే ప్రొఫైల్ మొదటినుంచీ వర్తించేలా దిగుమతి ప్రీసెట్‌లో చేర్చుకుంటే రోజువారీ పని తగ్గుతుంది.

9. పరీక్షించడం

ప్రొఫైల్ తయారీ అంకెల పని కనుక మానిటర్ ఎలా ఉన్నా జరిగిపోతుంది. దాని మంచిచెడ్డలు కంటితో తేల్చడానికి మాత్రం కాలిబ్రేట్ చేసిన మానిటర్ తప్పనిసరి: 6500 కెల్విన్, గామా 2.2, ప్రకాశం చదరపు మీటరుకు 100 నుంచి 120 క్యాండెలాలు.

5వ మెట్టులో చివరగా తీసిన చీరల ఫోటోను తెరవండి. ముందు లేత బూడిద గడితో వైట్ బ్యాలెన్స్ సరిచేసి, లైట్‌రూమ్‌తోపాటు వచ్చే అడోబీ కలర్ ప్రొఫైల్‌కూ మీ ప్రొఫైల్‌కూ మధ్య మారుస్తూ, అవే చీరలను మంచి కాంతి కింద పట్టుకొని పోల్చండి. నేను ఎప్పుడూ నాలుగు రంగులు దగ్గర ఉంచుకుంటాను: వంగపండు, చిలకపచ్చ, రాణీ, ఉల్లిపొట్టు. మొదటి మూడూ గాఢమైనవి కనుక చార్టు గళ్ళ పరిధి అంచున ప్రొఫైల్ ఎలా ప్రవర్తిస్తుందో చెబుతాయి. ఉల్లిపొట్టు రంగు లేతది, గులాబీకీ గోధుమకూ నడుమ ఊగేది. అడోబీ కలర్‌లో అది ఎక్కువగా గులాబీకి వాలిపోతుంది. మంచి ప్రొఫైల్ కింద దానిలోని గోధుమ జీర మళ్ళీ కనబడుతుంది. అది కనబడిందంటే చర్మపు రంగులు కూడా దాదాపుగా కుదిరినట్టే.

అంకెలు కావాలనుకునేవారు డెల్టా ఈ 2000 (అసలు రంగుకూ వచ్చిన రంగుకూ ఉన్న తేడాను చెప్పే కొలత) సగటు చూస్తారు. సగటు 2 లోపల ఉంటే చీరల అమ్మకానికి ధారాళంగా చాలు. కానీ ఏ గళ్ళతో ప్రొఫైల్ చేశారో ఆ గళ్ళమీదే కొలిచిన అంకె, పాఠం చెప్పిన ప్రశ్నలే పరీక్షలో అడిగినట్టు. చీరలమీద చూసినదే అసలు ఫలితం.

ఇంకొక తికమక తరచుగా వస్తుంది. మధ్య బూడిద గడి విలువ ఎస్ఆర్‌జీబీలో (తెరలకూ వెబ్‌కూ వాడే సాధారణ రంగుల పరిధి) సుమారు 121 ఉండాలని చదివి, తమ ఫోటోలో అంతకంటే ఎక్కువో తక్కువో వచ్చిందని కొందరు కంగారు పడతారు. అడోబీ సాఫ్ట్‌వేర్ ప్రొఫైల్ పైన ఒక టోన్ కర్వ్ వేస్తుంది, ఆ కర్వ్ కాంట్రాస్ట్‌ను పెంచుతుంది, దానితోపాటు రంగుల గాఢత కూడా కొంత పెరుగుతుంది. మూడు చానెళ్ళూ ఒకదానికొకటి సమానంగా ఉన్నాయా అన్నదే అక్కడ చూడవలసింది.

10. పొరపాట్లు, సవరణలు

బూడిదలు ఒకవైపు నీలం, మరోవైపు పసుపు. రెండు దీపాలు వేరు రకాలవి, లేదా కిటికీ తెరిచి ఉంది. ప్రొఫైల్ పారేసి 4వ మెట్టు నుంచి మొదలుపెట్టండి.

సాఫ్ట్‌వేర్ చార్టును గుర్తించడం లేదు. చార్టు తలకిందులుగా ఉంది, లేదా మరీ చిన్నగా ఉంది, లేదా తెల్ల గడి నిండిపోయింది. చార్టును తిప్పి చూడండి, తక్కువ ఎక్స్‌పోజర్ ఫైలు వాడి చూడండి.

రాణీ రంగు, నెమలిపింఛం నీలం ముద్దగా, మడతలు కనిపించకుండా వస్తున్నాయి. ఇది ప్రొఫైల్ దోషం కాదు. ఆ రంగులు ఎస్ఆర్‌జీబీ పరిధిలో పట్టవు. ఆ ఒక్క రంగు గాఢతను లైట్‌రూమ్‌లో ఒక్కో రంగును విడిగా సవరించే హెచ్‌ఎస్ఎల్ ప్యానెల్‌లో కొద్దిగా తగ్గిస్తే మడతలు తిరిగి వస్తాయి. రంగు, మడతలు రెండింటిలో ఒకటి వదులుకోవలసి వస్తే నేను గాఢతనే వదులుకుంటాను. చీర కొనేవారు నేతను కూడా చూస్తారు.

నిలువు పోగు ఒక రంగు, అడ్డ పోగు మరో రంగు ఉన్న పట్టుచీర ఒక్కో ఫోటోలో ఒక్కోలా ఉంది. అది ఉండవలసిన తీరే అది. కోణం మారితే రంగు మారే వస్త్రానికి ఒకే సరైన రంగు లేదు. రెండు కోణాల్లో రెండు ఫోటోలు పెట్టండి.

నల్లటి సింథటిక్ బట్ట గోధుమగా వచ్చింది. హాలోజెన్ కాంతిలోని పరారుణ కిరణాలు సెన్సర్‌దాకా చేరుతున్నాయి. ఫ్లాష్‌తోనో ఎల్‌ఈడీతోనో తీయండి.

నా ఫోటో బాగానే ఉంది, కొనేవారి ఫోన్‌లో తేడాగా ఉంది. ఎగుమతి చేసేటప్పుడు ఎస్ఆర్‌జీబీ ఎంచుకుని, ప్రొఫైల్‌ను ఫైలులో పొందుపరచండి. ఎస్ఆర్‌జీబీ కంటే విశాలమైన అడోబీ ఆర్‌జీబీ పరిధిలో పంపిన జేపెగ్ చాలాచోట్ల వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. ఫోన్‌లో వివిడ్ మోడ్ ఉన్నవారి విషయం మాత్రం మన చేతిలో లేదు. మా కోఠి మిత్రుడు ఇప్పుడు ప్రతి చీర కింద రంగు పేరును తెలుగులో రాసి పెడుతున్నాడు.

11. మళ్ళీ ఎప్పుడు చేయాలి

- కొత్త మోడల్ కెమెరా కొన్నప్పుడు
- దీపాలు లేదా సాఫ్ట్‌బాక్స్ గుడ్డ మార్చినప్పుడు. పాతబడిన గుడ్డ పసుపెక్కుతుంది
- లెన్స్ మార్చినప్పుడు, అది మరీ పాతదైతే మాత్రమే
- ఏ మార్పూ లేకపోయినా, రోజూ పని జరిగే స్టూడియోలో ఏడాదికి ఒకసారి

చార్టును వాడిన వెంటనే మూసి, ఎండ తగలని సొరుగులో, వానాకాలంలో అయితే సిలికా జెల్ పొట్లం వేసి ఉంచండి. కొన్న రోజున దాని వెనక పెన్సిల్‌తో తేదీ రాసి, రెండేళ్ళు దాటాక ఒకసారి కొత్త చార్టు పక్కన పెట్టి ఫోటో తీసి, బూడిద వరుసలను పోల్చి చూడండి.